నాలుగు నిమ్మకాయల ఇన్సూరెన్స్

నార్తాంప్టన్‌లో ఉన్న తెలుగువాళ్లందరికీ మా కారు సంగతి తెలుసు. కాకపోతే అందరికీ మా ఆవిడ ప్రఫుల్ల చెప్పినట్టే తెలుసు. నా వైపు నుంచి ఏం జరిగిందని ఇంతవరకూ ఒక్కరూ అడగలేదు. అడక్కపోయినా చెబుతాను, టీ తాగుతూ వినండి.

2014లో మేం సెకండ్ హ్యాండ్ కారు ఒకటి కొన్నాం. ప్రఫుల్ల డాక్టరు. ఆసుపత్రి పక్క ఊళ్లో ఉంది. డ్యూటీల పట్టికలో తెల్లవారుజాము డ్యూటీ పడితే ఆ వేళకి బస్సులుండవు. కారు లేకపోతే ఆమె ఉద్యోగం సాగదు. అందుకే కారు ఇంటికొచ్చిన రోజు, డ్యూటీకి వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి మరీ చెప్పింది.

"ఫుల్ ఇన్సూరెన్స్ తీస్కో. సగం సగం పనులు జెయ్యకు."

ఈ ఇంగ్లీషువాళ్ల దేశంలో మనం ఎవరినైనా గుద్దితే వాళ్లకి డబ్బిచ్చే థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ తప్పనిసరి. అది లేకుండా రోడ్డెక్కితే పోలీసులు కారే పట్టుకుపోతారు. మన కారుకి దెబ్బ తగిలితే మనకి డబ్బొచ్చే ఫుల్ ఇన్సూరెన్స్ మాత్రం ఎవరిష్టం వాళ్లది. నేనా, ఇంట్లో చలేస్తోంది హీటర్ వెయ్యమంటే ఇంకో స్వెటర్ వేసుకోమనే మనిషిని.

పైగా హన్మకొండ చౌరస్తాలో ఏళ్ల తరబడి స్కూటర్ నడిపి, ఒంటి మీద గీత పడకుండా బయటపడ్డవాణ్ని. ఇక్కడేమో ఎదుటివాడు ఆగి, చెయ్యి ఊపి, థాంక్యూ చెప్పి మరీ దారి ఇస్తాడు. ఇలాంటి చోట నా కారుకేమవుతుంది? ఎక్కువ నడిపేది ప్రఫుల్లే కాబట్టి పాలసీ ఆమె పేరు మీద పెట్టి, నన్ను రెండో డ్రైవరుగా చేర్చి, కంపెనీ వెబ్‌సైట్లో థర్డ్ పార్టీ అన్నచోట నొక్కేశాను.

సాయంత్రం ఆమె వచ్చీ రాగానే అడిగింది.

"ఇన్సూరెన్స్ అయిందా?"

"అయింది."

"ఫుల్లేనా?"

"ఫుల్లే."

అబద్ధం ఆడటం ఇంత తేలికని ఇదివరకు తెలిస్తే పెళ్లయిన కొత్తలోనే మొదలుపెట్టేవాణ్ని.

కానీ లోపల ఎక్కడో గుబులు. ఇన్సూరెన్స్‌లో తగ్గించిన సగాన్ని దేవుడికి అప్పజెబుదామనుకున్నాను. ఆదివారం వాహన పూజ పెట్టాను. కొబ్బరికాయ కొట్టాను, బానెట్‌కి పసుపు రాసి కుంకుమ పెట్టాను. చక్రాల కిందికి సూపర్‌మార్కెట్లో ఉన్నవాటిల్లోకెల్లా పెద్ద నిమ్మకాయలు ఏరి తెచ్చాను. ఇలాంటి విషయాల్లో నేను పొదుపు చూడను.

కారు మా ఇంటి ముందు జాగాలో, గరాజ్ తలుపుకి ఎదురుగా నిలబడి ఉంది. హారతి పళ్లెం పట్టుకున్న ప్రఫుల్ల అది గమనించింది.

"రివర్స్ తియ్. ముందల గరాజ్ డోరున్నది."

"శుభమా అని పూజ జేస్కొని ఎనకకు పోతరా ఎవరన్న? ముందుకే పోవాలె. నిమ్మకాయ నలగాలంటే జానెడు జరిగితే చాలు."

ఎనిమిదేళ్ల మా శ్రీప్రియ, వాళ్లమ్మ పక్కన మెట్టు మీద కూర్చుని ఆ జానెడు కొలిచింది. "డాడీ, దేరీజ్ నో స్పేస్."

"పూజల ఇంగ్లీష్ మాట్లాడొద్దు బిడ్డా," అన్నాను.

పూజ కదా అని చెప్పులు విప్పి కారెక్కాను. పాదాల నిండా కొబ్బరినీళ్లు. గేర్ వేసి క్లచ్ మెల్లగా వదిలితే కారు కదల్లేదు. ఇక్కడి నిమ్మకాయలు మన ఊరివాటిలా మెత్తనివి కావు. ఇంకాస్త యాక్సిలరేటర్ ఇచ్చాను. తడికాలు క్లచ్ మీంచి సర్రున జారింది. కారు నాలుగు నిమ్మకాయల మీంచీ ఒక్క దూకు దూకి గరాజ్ తలుపులోకి వెళ్లిపోయింది. బంపర్ ఊడింది, లైటు పగిలింది, రేడియేటర్ నుంచి పచ్చటి నీళ్లు కారడం మొదలైంది.

కారు నాది, తలుపు నాది. థర్డ్ పార్టీ అనేవాడు చుట్టుపక్కల ఎక్కడా లేడు.

ప్రఫుల్ల పళ్లెం కింద పెట్టి వచ్చి, నా చేతులూ మెడా తడిమి చూసింది. "నీకేం గాలే, అది చాలు. కారుకు ఫుల్ ఇన్సూరెన్స్ ఉన్నది గదా. ఫోన్ జెయ్."

"ఇయ్యాల ఆదివారం."

సోమవారం అడిగితే, క్లెయిమ్ చేస్తే, చెయ్యనివాళ్లకిచ్చే బోనస్ పోతుందన్నాను. మంగళవారం అడిగితే, మంగళవారం అన్నాను. ఈలోగా బంపర్‌ని ప్యాకింగ్ టేపుతో అతికించాను. వానకి అది మళ్లీ ఊడి పడింది. మెకానిక్ ఒకాయన వచ్చి చూసి, బాగుచేయడానికి ఎంతవుతుందో చెప్పాడు. అంత పెట్టే శక్తి మాకు లేదు.

బుధవారం తెల్లవారుజామున నిద్రలేచి కిటికీలోంచి చూస్తే, ప్రఫుల్ల గొడుగేసుకుని వానలో నిలబడి ఉంది. రావలసిన టాక్సీ రాలేదు. వాచీ చూసుకుంటోంది, వీధి చివరికి చూస్తోంది, మళ్లీ వాచీ చూసుకుంటోంది. నాకు నిజంగా సిగ్గేసింది. చెప్పుల్లేకుండానే బయటికి పరిగెత్తాను.

"ప్రఫుల్లా, ఫుల్ కాదు. థర్డ్ పార్టీనే తీసుకున్న."

"తెలుసు."

"ఎట్ల తెలుసు?"

"పాలసీ నా పేరు మీద పెడితివి గదా. తెల్లారే కంపెనీవాళ్లు నాకు ఫోన్ చేసిండ్రు. ఫుల్‌కు మార్పించిన."

"మస్తు పైసలైనయా?"

"తక్కువైనయ్. దెబ్బలు తగిలించుకునెటోళ్లే ఎక్కువ థర్డ్ పార్టీ తీస్కుంటరంట. అందుకని మనకు దానికే రేటెక్కువ పడ్డది."

నేనూ గొడుగు కిందికి జరిగాను.

"మరి ఇన్ని రోజులు ఎందుకు జెప్పలే?"

"నువ్వు జెప్తవేమో అని జూసిన. కారు పోతే ఇంకోటొస్తది. నా మొహం మీద ‘ఫుల్లే’ అంటివి, అది బాధైంది నాకు."

టాక్సీ వచ్చింది, ఆమె ఎక్కి వెళ్లింది.

సాయంత్రం ఆమే కంపెనీకి ఫోన్ కలిపి స్పీకర్‌లో పెట్టింది. "నడిపింది నువ్వు. నువ్వే జెప్పు."

అవతల ఒకావిడ ఇంగ్లీషులో చక్కటి మర్యాదగా మొదలుపెట్టింది. "గరాజ్‌లోకి వెళ్తుండగా జరిగిందా సర్?"

"కాదండీ. లోపలికి వెళ్లే ఉద్దేశం లేదు."

"మరి ముందుకెందుకు నడిపారు?"

"చక్రాల కింద నిమ్మకాయలున్నాయి."

"అక్కడ పడిపోయాయా?"

"లేదు. నేనే పెట్టాను."

"ఎందుకు సర్?"

ప్రఫుల్ల వైపు చూశాను. ఆమె కొంగు నోట్లో కుక్కుకుని గోడవైపు తిరిగింది.

"యాక్సిడెంట్లు కాకుండా ఉండడానికి," అన్నాను.

అవతల టైపు కొడుతున్న చప్పుడు వినబడింది. చివరికి మా కారు బాగుచేయిస్తామని, అంతదాకా నడుపుకోవడానికి రేపే ఇంకో కారు పంపిస్తామని చెప్పింది. ప్రఫుల్ల మొహం తేటపడింది.

"ఇంకొక్క మాట మేడమ్," అంది ఆవిడ. "రెండో డ్రైవరు పేరు తీసేస్తే వచ్చే ఏడాది మీకు బాగా తగ్గుతుంది. తీసెయ్యమంటారా?"

ప్రఫుల్ల ఫోన్ నా చేతిలో పెట్టింది. "మా ఇంట్లో పొదుపు సంగతులన్నీ ఆయనే చూస్తారు. ఆయన్నే అడగండి."

"ఉంచండి మేడమ్, ఎంతైనా కడతాను," అన్నాను. ఎక్కువ డబ్బు కట్టనివ్వమని ఒకరిని బతిమాలుకోవడం నా జీవితంలో అదే మొదటిసారి.