నలభై ఏడో ముక్క

ఆ ఉదయం ఏలియామ్మ టీచర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. కొడుకు క్రోమోజోముల ఫోటోకు జిరాక్స్ తీయించాలి, దాన్ని వైద్య విద్యార్థుల చేత కత్తిరించి జతలుగా అతికింపజేయాలి, అసలు ఫోటోను భద్రంగా ఇంటికి తెచ్చుకోవాలి. మనిషికి క్రోమోజోములు నలభై ఆరు. ఆవిడ కొడుకు కుంజుమోన్‌కు ఇరవై ఒకటో జతలో ఒకటి ఎక్కువ, డౌన్ సిండ్రోమ్. ఏటా ఈ క్లాసుకు తనూ వచ్చి, "ఫోటోలో ఉన్నది నేనే!" అంటూ అందరికీ షేక్‌హ్యాండ్ ఇచ్చేవాడు. పోయిన వానాకాలంలో గుండె జబ్బుతో పోయాడు.

జిరాక్స్ పని కొత్త బ్యాచ్ విద్యార్థి బేసిల్‌కు అప్పగించారు, ఫోటో ఎవరిదో చెప్పకుండానే. అది మసకగా వచ్చింది. టీచర్ మెచ్చుకుంటారు కదా అని బేసిల్ అసలు ఫోటోనే కత్తిరించాడు. ముక్కలు బల్ల మీద పరిచాడో లేదో, అంతలోనే పోయిన కరెంటు వచ్చి ఫ్యాను గిర్రున తిరిగి ముక్కల్ని ఎగరగొట్టింది. అందరూ బల్లల కింద దూరి ఏరితే నలభై ఏడు తేలాయి.

వేరే ఫోటో అతికిస్తున్న పక్క బల్ల వైపు తిరిగాడు బేసిల్. "జస్నా, మీ ముక్క మాలో కలిసింది. తీసుకో."

"మావి ఎప్పుడో అతికించేశాం. నీ సంతానం మాకెందుకురా?"

"అయితే పోయిన బ్యాచ్ వాళ్ల చెత్త" అని తేల్చి, బేసిల్ దాన్ని కిటికీలోంచి వానలోకి విసిరాడు. షీటు కింద అందంగా రాశాడు: 'నలభై ఆరు. ఏ లోపమూ లేదు.'

టీచర్ ఆ షీటు చూసి కూలబడ్డారు.

"ఇది మా అబ్బాయి ఫోటోరా. వాడు పుట్టినప్పుడు, ఆ ఒక్కటీ లేకుండా చెయ్యమని మొక్కని చర్చి లేదు. ఇన్నాళ్లకి తీసేశావు."

"నార్మలే కదా టీచర్..." అన్నాడు బేసిల్.

"ఈ నార్మల్ పిల్లాడెవరో నాకు తెలీదు. నాకు నా కొడుకు కావాలి."

క్లాసంతా గొడుగులు కూడా లేకుండా కిటికీ కింది కాలవలో వెతికింది. దొరకలేదు. తడిసి ముద్దయి వచ్చిన బేసిల్, పక్కన పడేసిన జిరాక్స్ తీసి, ఇరవై ఒకటో జతలోని మూడో ముక్కను కత్తిరించి, మెరిసే ఫోటో ముక్కలు రెండింటి పక్కన అతికించాడు. మసకగానే ఉంది.

టీచర్ దాన్ని వేలితో నిమిరి, చాలాసేపు ఏడ్చారు. తర్వాత షీటును సంచిలో పెట్టుకుని, బేసిల్ తల తుడుచుకోవడానికి తన తువ్వాలు ఇచ్చారు.

ప్రాక్టికల్లో మాత్రం సున్నా వేశారు, లెక్క తప్పినందుకు.