జపాన్ గిటార్‌కు తొమ్మిదిన్నర

శుక్రవారం పొద్దున వెంకటేశ్వర్‌రావు వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. ఎనిమిదిలోపు ఇంట్లో కూర్చుని మూడు గిటార్లు విని మార్కులు వేయాలి. తొమ్మిదికల్లా పోయి కరీంనగర్ మార్కెట్ దగ్గరున్న తన విత్తనాల దుకాణం తెరవాలి. సాయంత్రం ఒక గిటార్ కొని, మిగతా రెండూ వాపసు ఇచ్చేయాలి. అయిదు నెలలుగా సాగుతున్న పని ఇవాళ్టితో తేలిపోతుందని భార్య మధులికకు మాట కూడా ఇచ్చాడు. ఆమె వినీ విననట్టు ఉప్మాలోకి ఉల్లిగడ్డ తరుక్కుంటూ ఉండిపోయింది.

పోల్చి చూడకుండా ఏదైనా కొంటే ఆయనకు అన్నం సయించదు. ఇంటికి ఫ్రిజ్ కొనడానికి రెండు ఎండాకాలాలు పట్టింది. ఆ రెండు ఎండాకాలాలూ ఇంటిల్లిపాదీ కుండనీళ్లు తాగి, కుండనీళ్లే ఆరోగ్యమని వచ్చినవాళ్లకు చెప్పుకున్నారు. డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్న కూతురు అలేఖ్య ఎలక్ట్రిక్ గిటార్ కావాలని అడిగిన రోజునే ఆయన కొత్త నోట్‌బుక్ తీశాడు. ఒకే ఆకారం, ఒకే రంగు, తల మీద అదే పేరు. కానీ చైనాలో తయారైతే ఒక ధర, ఇండోనేషియాలో అయితే దానికి రెట్టింపు, జపాన్‌లో అయితే అడగడానికే భయం. అమెరికాదాని ధరకు పాత ట్రాక్టర్ వస్తుందని తెలిశాక ఆ పేజీ అడ్డంగా కొట్టేశాడు. కొరియా గురించి నెల రోజులు చదివాడు గాని, కరీంనగర్‌లో కొరియాది దొరకదని తర్వాత తెలిసింది.

ఈలోగా అలేఖ్య ఒక స్నేహితురాలి గిటార్ అరువు తెచ్చుకుని బ్యాండ్‌లో వాయిస్తూ వచ్చింది. ఆ స్నేహితురాలు హైదరాబాద్ పోతూ తన గిటార్ తను పట్టుకుపోయింది. ఆదివారం సాయంత్రం ఒక ఫంక్షన్ హాల్లో బ్యాండ్ మొదటి ప్రోగ్రాం. ఆరోజుకు సొంత గిటార్‌తో వస్తే సరే, లేదంటే భవ్యశ్రీని పెట్టుకుంటామని వాళ్లు మర్యాదగానే చెప్పారు. భవ్యశ్రీ దగ్గర గిటార్ ఉంది. వాళ్ల బాపు ఏ దేశందో కూడా అడగకుండా ఒక్క గంటలో కొనిచ్చాడు. ఈ సంగతి అలేఖ్య ఇంట్లో రోజుకు రెండుసార్లు చెబుతోంది.

కొత్త పత్తి విత్తనం వస్తే వెంకటేశ్వర్‌రావు బోథ్ దిక్కు రైతుల చేలల్లో సాళ్లకు పేర్లు పెట్టకుండా నంబర్లు వేసి పరీక్షిస్తాడు. పేరు చూస్తే కన్ను మోసపోతుందని ఆయన నమ్మకం. పక్కనే ఒక సాలు పేరుమోసిన రకం వేస్తారు. దాన్ని చెక్ రకం అంటారు. మిగతావన్నీ దానితో పోల్చి చూసేవే. గిటార్లకూ అదే పద్ధతి అనుకున్నాడు.

సంగీత వాయిద్యాల దుకాణం నడిపే జలాలుద్దీన్, బట్టల షాపువాళ్లు ఆడవాళ్లు ఏరుకోవడానికి చీరల మూట ఇంటికి పంపినట్టు, చైనాది ఒకటి, ఇండోనేషియాది ఒకటి, ఒక చిన్న స్పీకర్ పెట్టె గురువారం సాయంత్రమే పంపడానికి ఒప్పుకున్నాడు. చిక్కు చెక్ రకం దగ్గర వచ్చింది. దుకాణంలో జపాన్ గిటార్ ఒక్కటే ఉంది. అది నిర్మల్‌లో సెల్‌ఫోన్లు అమ్మే అవేజ్‌ది. వైర్ ఊడితే అతికించమని ఇచ్చిపోయాడు, అతికించడం అయిపోయింది. వెంకటేశ్వర్‌రావు గంటసేపు బతిమాలితే జలాలుద్దీన్ దాన్నీ కట్టిచ్చాడు.

"రావు సాబ్, గిది అమ్మేది కాదు. రేపు సాయంత్రం అవేజ్ వస్తడు. నా ఇజ్జత్ మీ చేతుల పెడుతున్న," అన్నాడు. వెంకటేశ్వర్‌రావు ఫికర్ చేయొద్దన్నాడు.

శుక్రవారం పొద్దున పరీక్ష అనుకున్నట్టే జరిగింది. దేశం పేరున్న చోట్ల దెబ్బలకు వేసే పట్టీ అంటించి నంబర్లు రాశారు. భార్యాభర్తలు గోడవైపు తిరిగి కూర్చుంటే అలేఖ్య వెనక నుంచి ఒక్కొక్కటే వాయించింది. ఒకటో నంబర్‌కు ఆరు మార్కులు వచ్చాయి. రెండోదానికి ఎనిమిది. మూడోదానికి వెంకటేశ్వర్‌రావు తొమ్మిదిన్నర వేశాడు. విత్తనాల్లో కూడా ఆయన ఎప్పుడూ దేనికీ అంత వేయలేదు. పట్టీ పీకి చూస్తే జపాన్. జపాన్ జపానేనని, అయిదు నెలల చదువు ఊరికే పోలేదని, మూడో నంబరే గెలిచిందని ఇల్లంతా వినబడేలా చెప్పి, చెక్‌కు దగ్గరగా వచ్చిన ఇండోనేషియాదాన్ని సాయంత్రం ఇంకోసారి విందామని దుకాణానికి పోయాడు. ఈ చివరి ముక్క మాత్రం గడప దాటాక, చెప్పులు వేసుకుంటూ అన్నాడు.

ఇంటిల్లిపాదిలో ఆయన తల్లి లీలాబాయి కూడా ఉంది. ఆమె దేవుని అర్రలో దీపం పెడుతూ మూడో నంబర్ గెలిచిందన్న మాట విన్నది. బయటికి వచ్చి చూసింది. ఓడిపోయిన రెండూ తళతళలాడుతున్నాయి. గెలిచినది పెచ్చులూడి, అంచులు నల్లబడి ఉంది. పాత గిటార్‌కు రంగు ఎంత పోతే అంత విలువని ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఆమె పుట్టిల్లు నిర్మల్. నిర్మల్ బొమ్మలకు రంగులు వేసి వేసి, కొడుకు దగ్గర ఉందామని కరీంనగర్ వచ్చిన ముత్తయ్య ఫోన్ నంబర్ ఆమె దగ్గర ఎప్పుడూ ఉంటుంది. మధులిక స్కూల్‌కు పాఠాలు చెప్పడానికి పోయింది, అలేఖ్య కాలేజీకి పోయింది. లీలాబాయి ఆటో పిలిపించి, గిటార్‌ను దుప్పట్లో చుట్టి పంపింది.

ఒంటిగంటకు వెంకటేశ్వర్‌రావు అన్నానికి వచ్చేసరికి గోడకు రెండే గిటార్లు ఉన్నాయి. తల్లి చాలా ప్రశాంతంగా ఉంది.

"గెలిచింది అంటివి గద కొడుకా. గెలిచినదానికి గా పెచ్చులూడిన రంగేంది? ఆడిపిల్ల నలుగుట్ల పట్టుకొని నిలబడేది. ముత్తయ్యకు పంపిన. రేపటికి కొత్తదాని లెక్క చేసిస్తడు."

వెంకటేశ్వర్‌రావు అన్నం తినలేదు. కాలేజీ నుంచి కూతుర్ని ఎక్కించుకుని స్కూటర్ మీద ముత్తయ్య ఇంటికి పోయేసరికి పని చాలా దూరం పోయింది. ముత్తయ్య ఎంత తొందరపెట్టినా బొమ్మకు వారం అడిగే మనిషి. ఇవాళ లీలాబాయమ్మ పంపిందని పొద్దున్నుంచి పని మీంచి లేవలేదు. మరలన్నీ విప్పి వరుస తప్పకుండా పేపర్లో చుట్టి పెట్టాడు. మెడ ఒక దిక్కు, ఒళ్లు ఒక దిక్కు. ఒళ్లు మొత్తం గీకి, తెల్లటి మొదటి పూత వేసి ఎండకు పెట్టాడు. తండ్రీకూతుళ్లను చూసి ఆయన ఏదో చెప్పబోయాడు. వెంకటేశ్వర్‌రావు చెప్పనివ్వలేదు. ఇది వేరేవాళ్ల గిటార్ అని, జపాన్‌దని, సాయంత్రానికి పాత రంగు పాతలాగే, ఊడిన చోట ఊడినట్టే వేసి ఇవ్వాలని గబగబా చెప్పాడు.

ముత్తయ్య కుంచె కింద పెట్టాడు. "రంగు ఊడకుంట వెయ్యాలెనని నలభై ఏండ్లు నేర్చుకున్న సారు. ఊడినట్టు వెయ్యమంటె నాకు రాదు."

అలేఖ్య అంతసేపూ మెట్టు మీద కూర్చుని తెల్లబడ్డ గిటార్‌నే చూస్తోంది. ఆ పిల్లకు ఏడుపు వస్తోంది గాని, కోపం ముందు వచ్చింది.

"బాపూ, అయిదు నెలల కింద నువ్వు ఏదో ఒక్కటి తెస్తె అయిపోతుండె. నేను మంచిది అడుగలే. ఆదివారం నిలబడెటందుకు జాగ అడిగిన. ఇప్పుడు నాకు గిటార్ లేదు, గాయినకు గూడ లేదు."

వెంకటేశ్వర్‌రావు కూతురి వైపు చూడకుండా ముత్తయ్య వైపు తిరిగాడు. పాతదానిలా చేయలేనప్పుడు కనీసం చూడదగ్గట్టుగా చేసి క్షమాపణ అడుగుదామని, ఇష్టమొచ్చినట్టు వేయమని ముత్తయ్యకు చెప్పాడు. ముత్తయ్య మళ్లీ ఏదో చెప్పబోయి, సారు మొహం చూసి ఊరుకున్నాడు. త్వరగా ఆరే నల్లరంగు వేసి, దాని మీద బంగారు తీగ, తీగ కింద రెండు జింకలు వేశాడు.

నాలుగున్నరకు నమాజ్ అయ్యాక జలాలుద్దీన్ ఫోన్ చేశాడు. అవేజ్ ముందే వచ్చి దుకాణంలో కూర్చున్నాడట. అబద్ధం చెప్పడం చేతకాక వెంకటేశ్వర్‌రావు ఉన్నమాట చెప్పేశాడు. పావుగంటలో ఇద్దరూ ముత్తయ్య వాకిట్లో ఉన్నారు. జలాలుద్దీన్ ఎవరి మొహమూ చూడలేదు. అవేజ్ ముప్పై అయిదేళ్ల సన్నటి మనిషి. జింకలను చాలాసేపు చూశాడు. అరుస్తాడేమోనని అందరూ కాచుకున్నారు గాని అరవలేదు. అరిస్తే బాగుండునని వెంకటేశ్వర్‌రావుకు అనిపించింది.

"పదేండ్ల సంది నిర్మల్ల నన్ను జపాన్ అవేజ్ అంటరు," అన్నాడు మెల్లగా. "గిది అక్కడి కట్టె, అక్కడి పని. మళ్ల ఏడ దొరుకుతది?"

ముత్తయ్య ఇక ఆగలేకపోయాడు. పొద్దున గీకిన పొట్టు దాచిన కాగితం విప్పి ముందు పెట్టాడు.

"సారు, ఒక్కటి అడుగుత. జపానోళ్లు చింతగింజల లప్పం పెడతరా?"

ఎవరికీ అర్థం కాలేదు. ముత్తయ్య నెమ్మదిగా వివరించాడు. ఒళ్లు రెండు చెక్కలు అతికించి చేసింది. ఆ సందులో చింతగింజలు నూరి, రంపపు పొట్టు కలిపి పెట్టిన లప్పం ఉంది. నిర్మల్ బొమ్మలవాళ్లు కాళ్లూ చేతులూ అతికేది దానితోనే. కట్టె కూడా అక్కడి అడవిలో దొరికే పొణికి కట్టె. అసలు ఒళ్లు ఎప్పుడో పగిలితే, అవేజ్ కంటే ముందు దీన్ని ఉంచుకున్నవాళ్లెవరో నిర్మల్‌లో అచ్చంగా అలాంటిదే చెక్కించి ఉంటారు. వైర్ కోసం మూడుసార్లు గిటార్ మూత విప్పిన జలాలుద్దీన్ ఆకాశం వైపు చూశాడు.

"మెడ?" అన్నాడు అవేజ్.

"మెడ సంగతి నాకు తెల్వది. అది జపాన్‌దే కావచ్చు. పొద్దున గీకంగనే చూసిన, సారు చెప్పనియ్యలే. చెక్కినోడు మాత్రం చెయ్యి తిరిగినోడు."

అవేజ్ కూలబడ్డట్టు మెట్టు మీద అలేఖ్య పక్కనే కూర్చున్నాడు. కోపం పోయింది గాని దానితోపాటు పదేళ్ల గర్వమూ పోయింది. ఇంటికి పోయి ఏం చెప్పాలని అడిగాడు. వెంకటేశ్వర్‌రావుకు ఆ మనిషి మీద నిజంగా జాలి కలిగింది. సంచిలోంచి నోట్‌బుక్ తీసి ఆ పొద్దుటి పేజీ చూపించాడు.

"గోడదిక్కు తిరిగి, పేరు తెల్వకుంట వేసిన మార్కులు తమ్మీ. గీ తొమ్మిదిన్నర జపాన్‌కు వేసింది కాదు. విన్నదానికి వేసింది."

అవేజ్ ఆ పేజీ రెండుసార్లు చదివాడు. ఇక దీన్ని చేతిలోకి తీసుకుంటే ఈ లప్పమే యాదికొస్తుందని, తనకు అందులో ఎనిమిది వచ్చిన ఆ ఇండోనేషియాది ఇప్పించి దీన్ని ఈ బిడ్డనే ఉంచుకోమని అన్నాడు. మెడ కూడా ఆమెకేనన్నాడు. వెంకటేశ్వర్‌రావు అలవాటు కొద్దీ రేపు ఆలోచించి చెబుతాననబోయాడు. కూతురు తన మొహంలోకే చూస్తోంది.

"సరే," అన్నాడు. తర్వాత ఆమె వైపు తిరిగి, "నా కొలతలల్ల నీ అయిదు నెలలు పోయినయ్ బిడ్డా. తప్పు నాదే," అన్నాడు.

శనివారమంతా జలాలుద్దీన్ కూర్చుని మరలు బిగించాడు. ఆదివారం అలేఖ్య బంగారు జింకలతో నిలబడి తప్పు లేకుండా వాయించింది. భవ్యశ్రీ ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొట్టింది. రంగు కూడా తానే వేయించానని లీలాబాయి పక్కవాళ్లకు చెప్పింది. వెంకటేశ్వర్‌రావు ఆరోజు ఎవరికీ మార్కులు వేయలేదు. ఏ దేశం గిటార్ కొంటే మంచిదని హాల్ బయట ఒకాయన అడిగితే మాత్రం, ముందు జర గీకి చూడాలని చెప్పాడు.

అప్పటినుంచి జలాలుద్దీన్ ఆయనకు గిటార్లను అద్దం వెనక నుంచే చూపిస్తున్నాడు.