కంటి ఆస్పత్రి ఫోనుకు పట్టిన వేగం

మధ్యమధ్యలో ఆగి మాట్లాడే అలవాటే మన దరిద్రానికంతటికీ మూలమని నా నిశ్చితాభిప్రాయం. కాదంటారా? మా కంటి ఆస్పత్రికి ఒక్కసారి ఫోన్ చేసి చూడండి!

ఇదివరకు అక్కడ ఒక రిసెప్షనిస్టు ఉండేది. ఎవరు ఫోన్ చేసినా, "మెల్లగా చెప్పండి, తొందరేం లేదు" అనేది. తొందరేం లేదట! ఇలాగైతే బాగుపడినట్టే! అందుకే ఆవిడని తీసేసి, మన మాట విని అపాయింట్‌మెంట్ ఇచ్చే సాఫ్ట్‌వేర్ పెట్టారు. తయారుచేసింది స్వయానా మా బావమరిది.

మొదట్లో అదీ నత్తనడకే. అప్పుడు వాడొక కొత్త టూల్ తెచ్చాడు. కాల్‌లో నిశ్శబ్దం ఎక్కడున్నా తెర మీద ఎర్రగా గీత పడుతుంది. ఎరుపు చూస్తే మేనేజరుకి ఒళ్లు మంట. మావాడు ఊరుకుంటాడా? అర సెకను నిశ్శబ్దం వస్తే మాట అయిపోయినట్టే లెక్కగట్టి, "ధన్యవాదాలు" చెప్పి పెట్టేసేలా మార్చాడు. టెస్టింగ్ కూడా ఘనంగా చేశాడు. గది తలుపులు మూసుకుని, తన గొంతుతోనే మూడొందల సార్లు! వాడు నిద్రలో కూడా గుక్క తిప్పుకోడు లెండి.

ఫలితం అద్భుతం! పక్కింటాయన దగ్గడం మానేశాడు. మా ఆవిడ 'అదేంటంటే' అనడం మర్చిపోయింది. వీధి చివరి టైలరు ఫోన్ చేసేముందు ఊపిరి బిగబట్టడం సాధన చేస్తున్నాడు.

వెనకబడింది మా అక్క ఒక్కతే. చిన్నప్పటి నుంచీ నత్తి. ఎడమ కన్ను ఎప్పుడో పోయింది. కుడికంటికి నెలలోపు ఆపరేషన్ కాకపోతే అదీ దక్కదన్నాడు డాక్టరు. "నా... నాకు కం..." అనేలోపే "ధన్యవాదాలు!" నలభైసార్లు చేసింది పాపం. నేను చేస్తే ఆ సాఫ్ట్‌వేర్ రోగి గొంతే కావాలంది. ఆస్పత్రికి వెళ్తే కౌంటర్లో మనిషి లేడు, అదే సాఫ్ట్‌వేర్ వినే మైకు ఒకటుంది.

బావమరిదిని నిలదీశాను.

"బావా, మీ అక్కగారి కాల్స్ సూపర్! మూడేసి సెకన్లలో అయిపోతున్నాయి. మా సగటు ఎంత తగ్గిందో తెలుసా?" అన్నాడు.

నెల గడిచి పదకొండు రోజులకి వాడికి ఉత్తమ పనితీరు అవార్డు ఇచ్చారు. అందులో అక్క కష్టం కూడా ఉంది కదా, చెయ్యి పట్టుకుని సభకి తీసుకెళ్లాను. వేదిక మీద తెరంతా గీతలు వేసి చూపించారు. ఒక్కటీ ఎర్రది లేదు. చప్పట్లే చప్పట్లు!

అక్క నావైపు తిరిగి, "ఏం... ఏం చూ... చూపిస్తున్నార్రా?" అని అడిగింది.