అక్కకూ నాకూ మధ్య ఎనిమిది గంటలు

దూరాన్ని తిట్టేవాళ్లంత కృతఘ్నులు లోకంలో ఇంకెవరూ లేరని నా నిశ్చితాభిప్రాయం!

మా అక్క రోస్మిడా ఉండేది ఇండోనేషియాకు ఆ కొసన, మేడాన్‌లో. నేను ఇనుప సామాన్ల కొట్టు పెట్టుకుని ఉండేది ఈ కొసన, జయపురలో. మధ్యలో నాలుగువేల ఆరువందల కిలోమీటర్ల సముద్రమూ, దీవులూ. గాల్లోనే ఎనిమిది గంటలు అంటుంది ఫోను. ఎంత చల్లని మాట!

ఎందుకంటారా? మా బతక్ తెగ వాళ్లలో మేనమామ లేనిదే శుభకార్యం లేదు. పిల్లకు బాప్తిస్మమైనా, బావ ఇంటికి కొత్త రేకులు వేయించినా మామ వెళ్లాలి. ఉలోస్ శాలువా కప్పాలి, గంటసేపు ఉపన్యాసం దంచాలి. కొట్టు ఎవరు చూస్తారండీ?

అందుకే నా దగ్గర ఒకటే మంత్రం. "ఎనిమిది గంటలు అక్కా! జకార్తాలో విమానం మారాలి. నా నడుం విరుగుతుందే!" మొదటేడు ఎనిమిది అన్నాను, తర్వాత పద్నాలుగు చేశాను, మొన్నటికి అది ఇరవై అయింది. దూరం పెరుగుతుంటే నేనేం చేయను?

పైగా మా గడియారం అక్క గడియారం కన్నా రెండు గంటలు ముందు. ఆవిడ పొద్దున్నే లేచి నన్ను తిట్టే వేళకు నేను కొట్లో ఉంటాను. "బేరం వచ్చింది" అని ఫోను పెట్టేయొచ్చు.

ఇలా సుఖంగా ఉండగా, పోయినేడు మేనకోడలు తియుర్ పెళ్లి కుదిరింది. అలవాటు ప్రకారం "ఎంత దూరమే!" అని రాగం తీశాను. నిజం చెబుతున్నాను, వెళ్లకూడదని కాదు. అక్క నాలుగుసార్లు బతిమాలితే బయల్దేరదామని!

అక్క ఏమందో తెలుసా?

"నిజమేరా తమ్ముడూ, నడుం జాగ్రత్త. మా పక్కసందులో మన సిహోంబింగ్ వంశం వాడే ఒకడున్నాడు, మంగారా అని, పంక్చర్లు వేస్తాడు. వాణ్ణే మామగా కూచోబెట్టేస్తాం. నువ్వు హాయిగా పడుకో."

ఆచారం ప్రకారం తప్పేమీ లేదు. వంశం పేరు కలిస్తే చాలు, ఎవడైనా మామే. ఎంత గొప్ప ఏర్పాటు!

పెళ్లి వీడియో కాల్‌లో చూశాను. శాలువా వాడే కప్పాడు. మేనమామకు రావాల్సిన మాంసం వాటా వాడి కంచంలోనే పడింది. పోనీ, తిననీ. కానీ తియుర్ వాడి భుజం మీద తల పెట్టి "మామయ్యా" అని ఏడ్చింది. నేను జయపుర రాకముందు, చిన్నప్పుడు దాన్ని చర్చికి మోసుకెళ్లిన భుజం నాది! "సిగ్నల్ బాలేదు" అని ఫోను పెట్టేశాను.

ఇప్పుడు తియుర్‌కు నెలలు నిండాయి. నిన్న అక్క ఫోను చేసింది.

"పురుడు రాగానే ఫొటో పంపిస్తాలే. నువ్వు శ్రమపడకు, మంగారా ఉన్నాడుగా! మంచి చొక్కా ఇస్త్రీ చేయించుకుని సిద్ధంగా ఉన్నాడు."

ఈ ముక్క జయపుర విమానాశ్రయంలో కూచుని రాస్తున్నాను. ఒళ్లో ఉలోస్ ఉంది, పుట్టబోయే బిడ్డను చుట్టి ఎత్తుకోవడానికి. నడుం బ్రహ్మాండంగా ఉంది. విమానాలు నడిపే పెద్దలను ఒక్కటే నిలదీస్తున్నాను. ఎనిమిది గంటలేమిటండీ, ఇదేం నత్తనడక? ఆ పంక్చర్లవాడు మా అక్క ఇంటికి నాలుగు నిమిషాల్లో నడిచొచ్చేస్తాడు!