వీధికి అడ్డంగా సన్మానం

ఆ ఉదయం మబ్బులు గుంపుగా వచ్చి ఆకాశంలో నిలబడ్డాయి. కురిసే ఉద్దేశం లేదు, తొలగే ఉద్దేశమూ లేదు. కింద వీధి మధ్యలో అభివృద్ధి కమిటీవారు కూడా అదే పద్ధతిలో నిలబడి, దర్జీ కూతురికి సన్మానం చేయడానికి ఈ గోడ నుంచి ఆ గోడ దాకా బల్లలు పరిపించి వేదిక కట్టించారు.

దర్జీ కూతురు సైన్యంలో చేరబోతోంది. అంటే, ఇంకా చేరలేదు. ఊరవతల మైదానంలో ఆ రోజే పరుగు పరీక్ష. ఎనిమిదింటికి గేటు మూసేస్తారు. వచ్చే ఏటికి వయసు దాటిపోతుంది గనుక ఆమెకిదే ఆఖరు అవకాశం.

పరీక్ష కాకముందే సన్మానమేమిటని పాఠకులు అడగవచ్చు. అడిగారంటే ఆ వీధి సంగతి వారికి తెలియదన్నమాట. పూర్వం ఒక పిల్లవాడు చదువులో మొదటివాడుగా వస్తే, కమిటీవారు శాలువా రంగు మీద చర్చ ముగించేలోగా పక్కవీధి కమిటీ వచ్చి ఏదో ఒక శాలువా కప్పేసి పోయింది. ఆ పరాభవం తర్వాత, ఎవరికైనా సరే ఫలితానికి ముందే సన్మానం జరపాలని ఏకగ్రీవంగా తీర్మానించారు. అలా డాక్టరు కాబోతున్నందుకు సన్మానం పొందిన కుర్రాడు ఇప్పుడు మందుల షాపులో సీసాల దుమ్ము తుడుస్తున్నాడు. వీధంతా అతన్ని డాక్టరుగారనే పిలుస్తుంది. ఒకసారి చేసిన సన్మానాన్ని వెనక్కి తీసుకునేంత నీచులు కారు వాళ్ళు.

ఈ పిల్లకు ‘సిపాయి’ అనే పేరు ఏనాడో స్థిరపడింది. పెట్టింది వెక్కిరింతకే. చీకటితో లేచి పాలబండి వెనక పరిగెత్తేది. తండ్రి పాత ప్యాంట్ల కాళ్ళు కత్తిరించి, కొసలు కుట్టి, ఇసక నింపి ఇస్తే వీపున కట్టుకుని నీళ్ళ ట్యాంకు మెట్లు ఎక్కి దిగేది.

“ఎవరి కాళ్ళే అవి, మోసుకు తిరుగుతున్నావు?” అని టీకొట్టు ముందు కూర్చున్నవాళ్ళు అడిగేవారు.

“మీవే బాబాయ్! మీరెలాగూ వాడట్లేదుగా.”

సరే, అధ్యక్షులవారు మైకు పట్టుకున్నారు. ఆయన గొంతు గొప్పది. దేశం పేరెత్తగానే దానంతటదే వణుకుతుంది. “ఇంటికొక బిడ్డను సరిహద్దుకు పంపాలి! రక్తం ధారపోయాలి!” అన్నారు.

“మీ అబ్బాయినెప్పుడు పంపుతున్నారు బాబుగారూ?” అని సిపాయి తల్లి మొదటి వరుసలోంచి అడిగింది, వినయంగానే.

“వాడి మోకాళ్ళు సున్నితమమ్మా,” అన్నారాయన మైకులోనే. సొంత కొడుకు మోకాళ్ళ గురించి సభలో దాపరికం లేకుండా చెప్పినందుకు జనం చప్పట్లు కొట్టారు.

మైదానానికి పోయే బస్సు ఆ వీధిగుండానే పోవాలి. వచ్చి వేదిక వెనక ఆగింది. డ్రైవరు హారన్ కొట్టాడు. దాన్ని హర్షధ్వానంగా స్వీకరించి అధ్యక్షులవారు గొంతు పెంచారు. డ్రైవరు దిగొచ్చి, “బల్లలు తీయండయ్యా, పోవాలి!” అని అరిచాడు. అతన్ని పైకి లాగి, వీరనారిని గమ్యం చేర్చబోతున్న సారథి అని ప్రకటించి, శాలువా కప్పారు. అతను వెళ్ళి ఇంజను ఆపేసి, వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. ఉద్యోగంలో చేరాక అతనికి దక్కిన మొదటి మర్యాద అది. తప్పు పట్టలేం.

ముక్కుదాకా దండలో మునిగిన సిపాయి పక్క కుర్చీలోని తండ్రి వైపు వంగింది. “నాన్నా, గేటు మూసేస్తారు.”

“ఒక్క మాటలో ముగించేస్తాడులేమ్మా. మన కుట్టుమిషను ఆయన అరుగు మీదుంది, తెలుసుగా.”

అధ్యక్షులవారి ఒక్క మాట అయ్యాక ఉపాధ్యక్షులవారి ఒక్క మాట మొదలైంది. ఇక తల్లి ఆగలేదు. వేదికెక్కి కూతురి చెయ్యి పట్టి లేపింది.

“పరిగెత్తవే పిచ్చిమొహమా! సన్మానం నేను చేయించుకుంటాలే!” అని తానే కుర్చీలో కూర్చుంది.

సిపాయి దూకింది. కార్యక్రమంలో భాగమనుకుని జనం ఈలలు వేశారు. “చూశారా ఆ వేగం! మన కమిటీ ప్రోత్సాహం!” అన్నారు అధ్యక్షులవారు.

అంత పరుగు ఆమె ఎన్నడూ పరిగెత్తలేదు. దండ తీసే తీరికైనా లేదు. పూలు దారంతా రాలాయి. వీపున ఇసక లేకపోయేసరికి కాళ్ళు నేలకు ఆనుతున్నాయో లేదో తెలియలేదు. మలుపు తిరిగితే గేటు కనిపించింది. మూసి ఉంది. లోపల ఈల మోగింది, పాదాల చప్పుడు ఒక్కసారిగా లేచింది. ఊచలు పట్టుకుని ఆ చప్పుడు దూరమయ్యేదాకా వింది.

కాపలా జవాను ఆమె మెడ వంక చూశాడు. “దండేంటమ్మా? మాకది చివర్లో వేస్తారు. నీకు ముందే వేసేశారా?”

“తలుపు తీయన్నా. పరిగెత్తుకునే వచ్చాను.”

“చూశాను తల్లీ. మలుపు దగ్గర్నుంచి చూస్తూనే ఉన్నాను. నాకు చూసే అధికారమే గానీ తీసే అధికారం లేదు.” ఊచల సందులోంచి నీళ్ళసీసా అందించాడు.

ఆమె నడిచి వచ్చేసరికి వేదిక మీద వందన సమర్పణ జరుగుతోంది. సంగతి విని కమిటీవారు చలించిపోయారు. ఒక వీధి యావత్తూ గౌరవించిన మనిషి కోసం కాసేపు ఆగలేని గేటును తీవ్రంగా ఖండిస్తూ అక్కడికక్కడే తీర్మానం చేశారు. అధ్యక్షులవారు సిపాయి భుజం తట్టారు. “దిగులెందుకమ్మా? మాకు నువ్వెప్పటికీ సిపాయివే. రేపట్నుంచి కమిటీ ఆఫీసుకి కాపలా ఉందువుగాని.”

దర్జీ నోరు తెరిచాడు. అరుగు వైపు చూశాడు. మూసుకున్నాడు. తల్లి తన ఒంటిమీది శాలువా తీసి, మడతపెట్టి, అధ్యక్షులవారి చేతిలో పెట్టింది.

“మీ అబ్బాయి మోకాళ్ళకి చుట్టండి బాబుగారూ. చలికి పాడైపోతాయి.”

అప్పుడెవరో, సన్మానం కోసం వండించిన భోజనాలు చల్లారిపోతున్నాయని గుర్తుచేశారు. దేశానికి ఇంకో నష్టం జరగకూడదు కదా.

వేదిక బల్లల మీదే వరుసగా కూర్చున్నారు. అధ్యక్షులవారు, డాక్టరుగారు, శాలువాతో డ్రైవరు, బస్సు దిగొచ్చిన ప్రయాణికులు, మధ్యలో అమ్మానాన్నల నడుమ సిపాయి. ఎవరూ పెదవి విప్పలేదు. వరుస వంకరపోలేదు. చేతులన్నీ ఒక్కటిగా లేచి ఒక్కటిగా దిగాయి. అంత క్రమశిక్షణ ఆ మైదానంలో కూడా ఉండి ఉండదు. కూర బాగా కుదిరింది. వెనకాల బస్సు అలాగే ఉంది. అందరూ బల్లల మీదే కూర్చుంటే బల్లలు ఎవరు తీస్తారు? మీరు వచ్చినా కాస్త జరిగి చోటిస్తారు. మాట్లాడకుండా తినాలి, అంతే.