‘సుమారు’ అనని మాస్టారు

ఆ ఉదయం లెక్కల మాస్టారు వేసుకున్న పథకం బహు చిన్నది. బడి ముందరి చెక్క గేటు ఒరిగిపోయింది. మూల నుంచి మూలకి ఏటవాలుగా ఒక బద్ద బిగిస్తే నిలబడుతుంది. కోయడానికి వడ్రంగి బావమరిది ఉన్నాడు, కొలత చెప్పడానికి తానున్నారు.

"పదకొండుకి ఇన్‌స్పెక్టర్ గారొస్తారు. ఈలోగా గేటు నిలబడకపోతే పదో తరగతి లెక్కలు సైన్సు మాస్టారికిచ్చేస్తాను," అన్నారు హెడ్మిస్ట్రెస్.

పదో తరగతంటే మాస్టారికి ప్రాణం. తొమ్మిదో తరగతి గదిలోంచే ఫోన్ చేశారు.

"గేటు చదరంరా. అటు మీటరు, ఇటు మీటరు."

"బద్ద పొడుగెంత బావా?"

"రెండు వర్గమూలం."

"మీటర్లలో చెప్పు."

"మీటర్లలోనే చెప్పాను."

అవతల రంపం ఆగింది. "పోనీ, సుమారుగా?"

తరగతి ఊపిరి బిగబట్టింది. ఆ గదిలో ‘సుమారు’ అన్నవాళ్లు బెంచీ ఎక్కాలి. ఇరవై ఎనిమిదేళ్లలో మాస్టారు ఆ మాట ఒక్కసారీ అనలేదు, కూరలో ఉప్పెంతని భార్య అడిగినా సరే.

"రాసుకో. ఒకటి పాయింట్ నాలుగు ఒకటి నాలుగు రెండు ఒకటి..."

"అయిందా?"

"కరణీయ సంఖ్యరా. అవదు."

"అవనిదాన్ని కొయ్యమంటావేంటి? మా అక్క నీతో ఎలా వేగుతోందో!"

"అయినంతవరకూ రాసుకో!"

పిల్లలు నలభై మందీ భాగహారంలో దిగారు. బోర్డు నిండింది, అంకెలు గోడకెక్కాయి. అవతల బావమరిది అంకెలన్నీ బద్ద మీదే పెన్సిల్‌తో రాసుకుంటున్నాడు. ఇరవయ్యో అంకె దగ్గర ముందు వరస పిల్ల లేచింది.

"మాస్టారూ, ఏడో అంకె దగ్గరే తీసివేత తప్పిందండీ."

బావమరిది చిత్రిక పట్టి అంకెలు చెరిపేశాడు. మళ్లీ రాశాడు. మళ్లీ తప్పింది. మళ్లీ చిత్రిక. పదిన్నరకి బద్ద పిల్లల స్కేలంత పలచనై విరిగింది. పది నలభైకి గేటు పూర్తిగా నేలకొరిగింది.

అప్పుడు వచ్చాడు బావమరిది, కొత్త బద్ద భుజాన వేసుకుని. పడున్న గేటు మీద బద్ద పెట్టాడు, రెండు మూలల దగ్గరా గీత గీశాడు, కోశాడు, మేకులు కొట్టాడు. అయిదు నిమిషాలు. మాస్టారు వంగి సందులో గోరు దూర్చబోయారు. దూరలేదు.

"ఎంత పెట్టావురా?"

"ఏమో బావా. సరిపోయినంత."

ఎంతకీ అవని ఆ అంకెలన్నీ, చివరిదాకా, ఒక్కటీ మిగలకుండా ఆ బద్దలో ఉన్నాయి.

పదకొండుకి ఇన్‌స్పెక్టర్ గేటు ఊపి చూసి ముచ్చటపడి, తరగతి గుమ్మంలో నిలబడి అడిగారు. "గేటుకి ఆ బద్ద పొడవెంతండీ?"

"ఒకటి పాయింట్ నాలుగు ఒకటి నాలుగు..." నలభై గొంతులు అందుకున్నాయి. ఇన్‌స్పెక్టర్ గుమ్మంలోనే ఉండిపోయారు. పదిహేనో అంకెకి గడియారం చూసుకున్నారు. ఇరవయ్యో అంకెకి, ఆయన వెంట వచ్చిన హెడ్మిస్ట్రెస్ పక్కనున్న సైన్సు మాస్టారి వైపు చూశారు.

లెక్కల మాస్టారు కళ్లు మూసుకున్నారు.

"సుమారుగా... మీటరున్నరకి బెత్తెడు తక్కువండీ."

"అదీ చెప్పడమంటే!" అని ఇన్‌స్పెక్టర్ ‘బోధన సుస్పష్టం’ అని రాసి వెళ్లిపోయారు. పదో తరగతి దక్కింది.

మాస్టారు వెనక్కి తిరిగేసరికి పిల్లలందరూ బెంచీ వైపు చూస్తున్నారు. ఆయన చెప్పులు విడిచి బెంచీ ఎక్కారు. అది కుంటింది. ఒక కాలు పొట్టి.

కోయగా మిగిలిన బద్ద ముక్క పట్టుకుని లోపలికొచ్చిన బావమరిది, ఎంత పొట్టో అడగలేదు.