తెగిన తీగపై సమగ్ర దర్యాప్తు

యూదుల మీద ద్వేషం అనేది ఉత్తర లండన్‌లో లేనే లేదని శాస్త్రీయంగా నిరూపించిన ఘనత మా పేట పోలీసు స్టేషన్‌లోని ద్వేష నేరాల విభాగానికే దక్కుతుంది. ఆ విభాగం పెట్టినప్పటి నుంచి వారి దగ్గరికి వెళ్ళిన ఒక్క ఫిర్యాదులోనూ ద్వేషం దొరకలేదు. (నేరం కూడా అరుదుగానే దొరికింది.) పేటంతా గర్వంతో తలెత్తుకుని తిరుగుతోంది. తలదించుకుని తిరగమనీ, మేం యూదులమని చెప్పే టోపీ జేబులో పెట్టుకోమనీ వారే సలహా ఇస్తారనుకోండి, అది వేరే సంగతి.

మా గొడవ ఒక తీగ గురించి. శనివారం మాకు విశ్రాంతి దినం; అది శుక్రవారం పొద్దుగూకగానే మొదలై, మర్నాడు చుక్కలు పొడిచేదాకా ఉంటుంది. ఆ రోజు గడప దాటాక ఏదీ మోయకూడదు, ఏదీ తోయకూడదు. అయితే పేట చుట్టూ స్తంభాల తలల మీదుగా ఒక తీగ తెగకుండా కట్టి ఉంటే పేటంతా ఒకే ఇంటి లెక్క. అప్పుడు తల్లులు పిల్లల బండ్లు తోసుకోవచ్చు. నేను మా అమ్మ హిండాను చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి, రెండు వీధుల అవతల బ్లూమా పెద్దమ్మ ఇంటికి తీసుకెళ్ళవచ్చు. అక్కాచెల్లెళ్ళిద్దరూ అక్కడ ఉప్పుచేప ముక్కలు తింటూ, ఎప్పుడో తమ చెల్లెలి పెళ్ళిలో ఎవరు ముందు అలిగారన్న దాని మీద సాయంత్రం దాకా పోట్లాడుకుంటారు. ఈ చలికాలం మొదట్లో డాక్టరు పెద్దమ్మ గుండె సంగతి చెప్పి, ఇక నెలల మీద ఆశ పెట్టుకోవద్దన్నాడు. అప్పటి నుంచి ఆ పోట్లాటే మా ఇంట్లో అన్నిటికంటే ముఖ్యమైన పని.

సరిగ్గా అప్పుడే మా ఇంటి ఎదుటి స్తంభం దగ్గర ఎవరో తీగ కోయడం మొదలుపెట్టారు. కోసి, స్తంభం మీద ఎర్ర రంగుతో ‘యూదులారా, పొండి’ అని రాసి మరీ పోయేవారు. మొదటి రెండుసార్లు తీగల బాగోగులు చూసే యూడెల్ నిచ్చెనెక్కి మళ్ళీ కట్టేశాడు. ఫిర్యాదు చేస్తే సార్జెంట్ కాలిన్ ప్రౌట్ వచ్చి, తెగిన సాక్ష్యాన్ని ముడివేసి నాశనం చేసినందుకు యూడెల్‌ను గట్టిగా మందలించి వెళ్ళాడు. ఈ మొత్తం వ్యవహారంలో చట్టం ప్రకారం హెచ్చరిక అందుకున్న మనిషి యూడెల్ ఒక్కడే.

మూడోసారి మేం తీగను ముట్టుకోలేదు. సార్జెంట్ ప్రౌట్ ఈసారి కానిస్టేబుల్ టామ్సిన్ రూక్‌ను వెంటబెట్టుకొచ్చి, మా వంటింట్లో టీ తాగుతూ దర్యాప్తు సాగించాడు.

“చూడండి అన్‌షెల్ గారూ, ఆ తీగ నా కంటికైతే ఆనలేదు. మామూలు మనిషికి కనబడని తీగ అది. అక్కడుందని తెలిసింది మీవాళ్ళకే. అంటే అనుమానం ముందు ఎవరి మీదికి పోతుంది, మీరే చెప్పండి” అన్నాడు.

“మరి ఆ రాత సంగతేంటి?” అన్నాను.

“రాసినవాడూ కోసినవాడూ ఒకడేనని ఏముంది? అయినా పొమ్మన్నాడు, అంతేగా. ఎక్కడికో చెప్పలేదు. ప్రయాణ సలహా అయినా కావచ్చు.”

అమ్మ తన కుర్చీలోంచి నావైపు తిరిగింది. “ఒరేయ్ అన్‌షెల్, ఆయనకి ఇంకో బిస్కెట్ పెట్టరా. పైన ఎలాగూ ఖాళీ, కడుపన్నా నిండనీ.”

సార్జెంట్ విశాల హృదయుడు. బిస్కెట్ తీసుకున్నాడు. తీసుకుని, శాఖ తరఫున ఒక పరిష్కారం కూడా చూపించాడు.

“కేసు తేలేదాకా మీ శనివారాన్ని బుధవారానికి జరుపుకోకూడదూ? బుధవారాలు మావాళ్ళు కాస్త ఖాళీగా ఉంటారు.”

“అలాగే నాయనా. మీరు క్రిస్మస్‌ని జూలైకి జరపండి. టర్కీ కోడి చవగ్గా వస్తుంది” అంది అమ్మ.

దాన్ని ఆయన ‘స్థానికుల నుంచి అందిన సానుకూల సూచన’ అని రాసుకున్నాడు.

ఇక నేరస్థలానికి పోలీసు టేపు కట్టాలి. కాలిబాటకు అడ్డంగా కట్టాలంటే నగరపాలక సంస్థ అనుమతి కావాలట, అది వసంతం దాకా రాదట. అందుకని టామ్సిన్ నిచ్చెన వేసుకుని, ‘దాటరాదు’ అని రాసి ఉన్న టేపును ఆ స్తంభం తల మీంచి పక్క స్తంభం తల మీదికి కట్టింది. జనం దాని కిందుగా హాయిగా దాటుకుంటూ పోయారు. గాలికి రెపరెపలాడితే శాఖ పరువు పోతుందని బిగించి మరీ కట్టింది. మా మతగురువు రబ్బీ లాండౌ గారు వచ్చి తలెత్తి చూసి, గడ్డం నిమురుకుని, మళ్ళీ చూసి, “చెల్లుతుంది” అన్నారు. తీగ చేసే పని టేపు చేస్తోంది. మా పేటకు హద్దు కట్టింది ఇప్పుడు సాక్షాత్తూ పోలీసు శాఖ!

ఆ తర్వాతి శనివారాలు చల్లగా గడిచాయి. కోసేవాడు టేపు జోలికి రాలేదు. (ప్రభుత్వ ఆస్తి అంటే వాడికి భయం ఉన్నట్టుంది. మా ఆస్తికి ఆ సౌకర్యం లేదు.)

“ఇన్నాళ్ళకి పోలీసులు మనకి పనికొచ్చారే హిండా” అంది పెద్దమ్మ.

“గట్టిగా అనకే. తెలిస్తే మానేస్తారు” అంది అమ్మ.

వాళ్ళకు తెలియలేదు. తెలియకుండానే మానేశారు. ఒక శుక్రవారం పొద్దున పెద్దమ్మ కబురు పంపింది: రేపు హిండాను తప్పకుండా తీసుకురా, ఆ పెళ్ళిలో ముందు అలిగిందెవరో ఒప్పుకునే ఉద్దేశం ఉంది. ఇన్నేళ్ళలో ఆవిడ అంత మాట అనడం అదే మొదలు. అమ్మ ఆ రోజంతా పెళ్ళికూతురిలా ముస్తాబు గురించే మాట్లాడింది. సాయంత్రం దీపాలు వెలిగించింది, మా శనివారం మొదలైంది. కిటికీలోంచి చూసిన అమ్మ ఒక్కసారిగా అద్దం మీద దబదబా కొట్టసాగింది. బయట టామ్సిన్ నిచ్చెనెక్కి టేపు విప్పుతోంది.

నేను చెప్పుల్లేకుండా పరుగెత్తాను.

“అమ్మాయీ, ఆగమ్మా! రేపు సాయంత్రం దాకా ఉంచు, నీకు పుణ్యముంటుంది!”

“కేసు మూసేశారండీ. ఆధారాల్లేవట. కేసు లేనిచోట టేపు ఉండకూడదు, స్టోర్‌కి తిరిగి అప్పజెప్పాలి” అంది ఆ పిల్ల, నిచ్చెన మీంచే.

“అయితే ఇప్పుడే కొత్త ఫిర్యాదు ఇస్తున్నా. రాసుకో.”

“నోటితో చెబితే కుదరదండీ. ఫోన్‌లో మా యాప్‌లో పెట్టండి, వెంటనే కట్టేస్తాను.”

“శనివారం వచ్చేసిందమ్మా. నేను ఫోన్ ముట్టుకోకూడదు, యూడెల్ తీగ కట్టకూడదు.”

ఆమె పాపం నిజంగానే ఆలోచించింది. “పోనీ సోమవారం పెట్టండి” అని టేపు చుట్టేసుకుంది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరిని తిట్టాలో తెలియక స్తంభాన్ని తిట్టాను.

మర్నాడు నేనొక్కడినే పెద్దమ్మ ఇంటికి నడిచివెళ్ళాను. బల్ల మీద రెండు పళ్ళేలు పెట్టి ఉన్నాయి.

“నాకు చెప్పు పెద్దమ్మా, అమ్మకి చెబుతాను” అన్నాను.

“నీకెందుకురా చెప్పడం? దాని మొహం చూస్తూ చెప్పాలి, ఆ సరదా కోసమేగా ఇన్నాళ్ళు దాచింది. చీకటి పడ్డాక తోసుకురా, ఇక్కడే ఉంటాలే” అంది.

ఉండలేదు. ఆకాశంలో చుక్కలు కనబడకముందే పోయింది.

కబురు విన్న అమ్మ కుర్చీని కిటికీ వైపు తిప్పుకుంది. “అలిగింది నేనేరా. అది ఒప్పేసుకుంటే, కాదు నేనే అని చెబుదామనుకున్నా” అంది.

శనివారం ముగిశాక నేను యాప్‌లో ఫిర్యాదు పెట్టాను. మా హద్దును తెంపిన మనిషి ఎవరని యాప్ అడిగింది. చెప్పాను: కానిస్టేబుల్ టామ్సిన్ రూక్, పసుపు కోటు, చేతిలో నిచ్చెన, భుజం మీద ఫలానా నంబరు. సాక్షులు ఇద్దరం. నిందితురాలు నాతో మాట్లాడింది కూడా.

ఆదివారం పెద్దమ్మను సాగనంపాం. కూడలిలో టామ్సిన్ టోపీ తీసి నిలబడి, మా కోసం వాహనాలన్నీ ఆపింది. చాలా బాగా ఆపింది, ఆ మాట చెప్పకపోతే తప్పవుతుంది. అమ్మ కుర్చీ పక్కకు వచ్చినప్పుడు ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఇంటికొచ్చేసరికి ఫోన్‌లో జవాబు సిద్ధంగా ఉంది. మా ఫిర్యాదుకు అంత త్వరగా జవాబు రావడం అదే మొదటిసారి. “మీ ఫిర్యాదును క్షుణ్ణంగా పరిశీలించాం. నిందితులెవరో గుర్తించడానికి తగిన ఆధారాలు లేనందున కేసు మూసివేయడమైనది.”